మా సంఘం చరిత్ర అచ్చు వేసిన ట్రిప్లికేన్ ప్రెస్సు: నా అనుభవం

చెన్నైలో చిన్న తెలుగు పుస్తకం వేయించాలంటే ఎక్కడికి వెళ్లాలని ఈ నెలలో ముగ్గురు అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నాను. ప్రెస్సు ట్రిప్లికేన్‌లో ఉంది, బిగ్ స్ట్రీట్ దాటాక ఒక సందులో మేడ మీద. పేరు మాత్రం ఇక్కడ పెట్టడం లేదు. మా పుస్తకం ఎలాంటిదో చదివితే మీకే అర్థమవుతుంది, దాన్ని వేసినందుకు వాళ్లకి ఎవరైనా ఫోన్ చేసి గొడవ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కావాల్సినవాళ్లు అడగండి, నంబర్ ఇస్తాను.

మాది పెరంబూర్‌లో ఇంట్లో జరిగే చిన్న సంఘం. ఆదివారం సాయంత్రం ఇరవై, ఇరవై ఐదు మంది వస్తారు, తెలుగువాళ్లే ఎక్కువ, తమిళం మాట్లాడేవాళ్లు కొందరు. గే, లెస్బియన్, ట్రాన్స్ విశ్వాసులు, వాళ్ల అక్కచెల్లెళ్లు, ఒకరిద్దరి అమ్మానాన్నలు, ఇంకే చర్చిలోనూ కుదురుకోలేక వచ్చిన మామూలు కుటుంబాలు కూడా ఉన్నాయి. మా తమ్ముడు పదహారేళ్ల వయసు నుంచి ఒక పెద్ద చర్చి క్వయర్‌లో పాడేవాడు. వాడి సంగతి తెలిశాక ఒక శనివారం ప్రాక్టీసు అయ్యాక, రేపటి నుంచి రావద్దని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. ఆ రోజు వాడు ఇంటికొచ్చి చేతిలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని టీవీ మీద పెట్టాడు, మూడేళ్లు అది అక్కడే ఉంది, నేను దుమ్ము దులిపేదాన్ని కానీ అక్కడినుంచి తీయలేకపోయాను.

ఈ సంఘం ఎలా మొదలైందో రాసి పెట్టుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. తమ్ముడు మొదటి రోజు నుంచీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ప్రతి కూడికా రాసేవాడు, ఎవరు వచ్చారు, ఏ కీర్తన పాడాం, ఎవరి కోసం ప్రార్థన చేశాం అని. దాని నుంచి 64 పేజీల పుస్తకం తయారు చేశాం.

ముందు ఇంకో ప్రెస్సుకి ఇచ్చాం. అడ్వాన్సు తీసుకున్నారు, మ్యాటర్ తీసుకున్నారు, నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి ఇలాంటివి మా దగ్గర వేయం అన్నారు. వేయకపోతే మానెయ్యండి, అది వాళ్లిష్టం. కానీ ఆ మ్యాటర్‌లో మనుషుల సాక్ష్యాలున్నాయి, అవి ఆఫీసులో అందరూ చదివి నవ్వుకున్నారని ఫోన్‌లో వెనక మాటలు వింటేనే తెలిసింది. ఆ పెన్‌డ్రైవ్ వెనక్కి తెచ్చుకునేదాకా నాకు ఎంత టెన్షనో చెప్పలేను.

ఈ ట్రిప్లికేన్ ప్రెస్సుకి అందుకే భయపడుతూనే వెళ్లాను. ఓనర్ అరవై దాటిన తెలుగాయన, వాళ్ల నాన్నగారు సీసం అచ్చులు చేత్తో కూర్చిన కంపోజిటర్ అట, తెలుగు పత్రికలు ఎన్నో మద్రాసులో అచ్చయ్యే కాలంలో. డీటీపీ చేసే అమ్మాయిది నెల్లూరు. నేను కూర్చోకముందే చెప్పేశాను, పుస్తకం ఇలాంటిది, వేస్తారా వేయరా ఇప్పుడే చెప్పండి అని. ఆయన మొదటి రెండు పేజీలు నా ఎదురుగానే చదివి, "మీరు ఒంగోలు వైపువాళ్లా అమ్మా?" అని అడిగారు. అంతే, ఆ తర్వాత కాగితం సైజు గురించే మాట్లాడారు.

ఆ మొదటి రెండు పేజీలూ ఒంగోలు గురించే. మా అమ్మమ్మ వైపు అందరూ తెలుగు బాప్టిస్టులు, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ప్రార్థన కొండ ఎక్కించేవాళ్లు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారూ ఆయన భార్యా, ముగ్గురు తెలుగు విశ్వాసులూ, మొత్తం ఐదుగురు ఆ కొండ మీద మోకరించారు. పన్నెండేళ్ల తర్వాత 1866లో అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం పెట్టారు. అందులోకి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా మాదిగవాళ్లు రావడం మొదలవగానే, వీళ్లని చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్ని మీ బడికి పంపం అని పై కులాలవాళ్లు పట్టుబట్టారు. ఏం చేయాలో తెలియక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలో ఒకటే చోటు వచ్చిందట, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట. వాళ్లు మాదిగవాళ్లని వదులుకోలేదు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చిన కథ మీలో చాలామంది వినే ఉంటారు, కానీ నాకు ఆ పెద్ద సంఖ్య కన్నా ఆ రెండు గదులే గుర్తుంటాయి. మన తెలుగు సంఘాలు పుట్టిందే "వీళ్లొస్తే మేం రాం" అన్న మాటకి లొంగకపోవడం వల్ల. మా పుస్తకాన్ని అమెరికాతో కాకుండా ఒంగోలుతో మొదలుపెట్టింది అందుకే.

అమెరికా కూడా ఉంది, రెండో అధ్యాయంలో. పెంతెకొస్తు పాస్టరుగా ఉండి గే అని తెలిశాక పదవి పోగొట్టుకున్న ట్రాయ్ పెర్రీ 1968 అక్టోబర్ 6న లాస్ ఏంజెలెస్ దగ్గర హంటింగ్టన్ పార్క్‌లో తన ఇంటి హాల్లో కూడిక పెడితే పన్నెండు మంది వచ్చారు, అదే మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి అయింది. 1973 జనవరిలో వాళ్ల లాస్ ఏంజెలెస్ చర్చి భవనం కాలిపోయింది, అదే ఏడాది జూన్ 24న న్యూ ఆర్లియన్స్‌లో ఒక బార్‌కి నిప్పు పెడితే 32 మంది చనిపోయారు, వాళ్లలో ఆ సంఘం విశ్వాసులు చాలామంది. ఈ భాగం టైపు చేస్తున్నప్పుడు డీటీపీ అమ్మాయి ఆగి, "అక్కా, ఈ సంఖ్య అక్షరాల్లో వేద్దామా, అంకెల్లోనా?" అని అడిగింది. అంకెల్లోనే ఉంచమన్నాను.

ఇప్పుడు పని గురించి. చెన్నైలో పీడీఎఫ్ తీసుకెళ్తే ఎవరైనా వేసిస్తారు, కానీ ఒత్తు ఊడిపోతే గుర్తుపట్టేవాళ్లు లేరు. మా మ్యాటర్ ఫోన్లలో టైపు చేసింది, అంతా యూనికోడ్. పాత పద్ధతిలో అనుఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాలు) మారిస్తే "క్రీస్తు", "జ్ఞానం" లాంటి మాటలు ముక్కలవుతాయి. ఈ అమ్మాయి మార్చలేదు, నేరుగా ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఉంచి, వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేసింది. అది లేకపోతే ఒత్తులు పక్కకి పడతాయని చూపించింది కూడా, ఆఫ్ చేసి. మీరు వేరేచోట వేయించుకున్నా ఈ ఒక్కమాట అడగండి. లోపలి అక్షరం మండలి ఫాంట్, కళ్లద్దాలున్న పెద్దవాళ్లు కూడా హాయిగా చదువుతున్నారు. ఏ5 సైజు, 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో (మామూలు తెల్ల కాగితం), సెంటర్ పిన్, అంటే మధ్యలో మడిచి పిన్ను కొట్టడం. నేను వీపుకి జిగురు అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ అడిగాను కానీ 64 పేజీలకి అట్ట సరిగా తెరుచుకోదు, ఒళ్లో పెట్టుకుని చదివేవాళ్లకి పిన్నే మంచిదని ఓనర్ గారు చెప్పారు. డబ్బు తక్కువయ్యే సలహా వాళ్లే ఇచ్చారు, అది గమనించాలి.

రేటు: 150 కాపీలు, డిజిటల్, ఒక్కోటి ₹68. పేజీ సెట్టింగ్‌కి పేజీకి ₹40. మొత్తం ₹12,760. రెండు ప్రూఫులు ఉచితం, మూడో ప్రూఫు నుంచి పేజీకి ₹10. ఈ మూడో ప్రూఫు సంగతి ముందుగా చెప్పలేదు, బిల్లులో చూసి అడిగితే తీసేశారు, కానీ బోర్డు మీద రాసిపెడితే బాగుంటుంది.

నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం 11వ పేజీ. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు గే సంబంధాలని నేరంగా చూసే 377 సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టింది, ఆ ఆదివారం మా హాల్లో ఐదుగురం కూర్చుని ఏడ్చాం, అదే మా మొదటి కూడిక. తర్వాత 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద నల్సా తీర్పు వచ్చింది, ఆ వారమే ఈస్టర్. ఆ ఈస్టర్ ఆదివారం ఒకరు మొదటిసారి మా ఇంటి తలుపు తట్టారు, ప్యాంటు షర్టులో. తమ్ముడు నోట్‌బుక్‌లో "కొత్తగా ఒకతను వచ్చాడు, వెనక కూర్చున్నాడు" అని రాశాడు, అప్పుడు మాకు తెలిసింది అంతే. 14వ పేజీకి వచ్చేసరికి అదే మనిషి గురించి నేను "చీర కట్టుకుని వచ్చింది, ముందు వరసలో కూర్చుంది" అని రాశాను. మేం ఎవరం ఈ తేడా పట్టించుకోలేదు, ఇద్దరు చూసిన ప్రూఫు అది.

డీటీపీ అమ్మాయి పట్టుకుంది. ఇలాంటిది కనిపిస్తే చాలామంది ఆపరేటర్లు ఏదో ఒకటి తప్పనుకుని తామే దిద్దేస్తారు. ఈమె దిద్దలేదు, ఫోన్ చేసింది. "అక్కా, 11లో వచ్చాడు, 14లో వచ్చింది అని ఉంది, ఇద్దరు మనుషులా, ఒక్కరేనా?" ఒక్కరే అని చెప్పాను, విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఓనర్ గారు ఫోన్ తీసుకుని, "మర్యాదగా రెండుచోట్లా వచ్చారు అని పెట్టేద్దామా అమ్మా, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు. నాకూ అదే నయమనిపించింది. కానీ ఆవిణ్ని అడగకుండా ఎలా అని, మేషిన్ ఆపమని చెప్పి ఆవిడకి ఫోన్ చేశాను.

ఆవిడ అన్న మాట అలాగే రాస్తున్నాను, ఆవిడ ఒప్పుకున్నాకే. "వచ్చారు వద్దక్కా. మా అమ్మ మా చెల్లిని పిలిచినట్టు నన్ను వచ్చింది, కూర్చుంది అనాలని నేను ఎన్నాళ్లు కాచుకున్నానో నీకు తెలుసు. 11లో కూడా వచ్చింది అనే రాయండి. ఆ రోజు వచ్చింది కూడా నేనే కదా."

మన భాషలో పేరు చెప్పకపోయినా క్రియ చెప్పేస్తుంది. 'డు' పెట్టాలా 'ది' పెట్టాలా అన్నచోట ఒక మనిషి జీవితం ఉంటుందని నాకు నలభై మూడేళ్లకి తెలిసింది, ఒక డీటీపీ అమ్మాయి అడిగిన ప్రశ్న వల్ల. 11వ పేజీలో ఆరు చోట్ల మార్చారు. ఆ దిద్దుబాటుకి డబ్బు తీసుకోలేదు.

యెషయా 56లో షండులకి దేవుడు కొడుకులు కూతుళ్లు అనిపించుకోవడం కన్నా మంచి పేరు పెడతానని చెప్పిన మాట మా ఇంట్లో చాలాసార్లు చదువుకున్నాం. వెనక అట్ట మీద ఆ అధ్యాయం సంఖ్య ఒక్కటే వేయించాం.

ఫొటోల సంగతి. ముఖాలు కనిపించకూడదు కాబట్టి కళ్ల మీద నల్ల పట్టీ వేయమన్నాను. "అలా వేస్తే పేపర్లో పోలీసు కేసు ఫొటోలా ఉంటుందక్కా" అని ఆ అమ్మాయే వద్దంది. ఫొటోని కత్తిరించి చేతులు మాత్రమే ఉంచింది, కీర్తనల పుస్తకం పట్టుకున్న చేతులు, ఒకరి గాజులు, ఒకరి గడియారం, పక్కన స్టీలు ప్లేట్లో బిస్కెట్లు. మా తమ్ముడి చేయి నేను వెంటనే గుర్తుపట్టాను. కాకపోతే అచ్చులో ఈ ఫొటో బాగా నల్లబడింది, 33వ పేజీలోదైతే ఏమిటో తెలియడం లేదు. మామూలు కాగితం మీద ఇంక్ అలాగే పీల్చుకుంటుందన్నారు, మరి ప్రూఫ్ అదే కాగితం మీద తీసి ఉంటే ముందే తెలిసేది కదా. ఇది వాళ్ల తప్పే. మూడు రోజులు ఆలస్యం కూడా చేశారు, శుక్రవారం అన్నది సోమవారం అయింది, ఆదివారం కూడికలో పుస్తకాల్లేకుండానే ప్రార్థన చేసుకున్నాం. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, మా పెద్దావిడ ఒకరు చూడాలని వచ్చి కింద టీ కొట్టు దగ్గరే కూర్చోవాల్సి వచ్చింది.

డెలివరీ రోజు ఇంకొకటి జరిగింది. కట్టలతో పాటు ఒక గోనెసంచి కూడా తెచ్చి పెట్టారు. ఏమిటంటే పాడైన షీట్లు, ప్రూఫులు, మేషిన్‌లో ఇరుక్కుని నలిగినవి, అన్నీ. మామూలుగా ఇవి పాత కాగితాలవాడికి పోతాయి, అక్కడినుంచి బజ్జీల బండి దగ్గరికి. "మీవాళ్ల మాటలు ఎవరి చేతుల్లోనో పడకూడదమ్మా" అన్నారు ఓనర్ గారు. కంప్యూటర్లో ఫైలు కూడా నా ముందే తీసేయించి, పెన్‌డ్రైవ్ చేతికిచ్చారు. నేను అడగలేదు. మొదటి ప్రెస్సు దగ్గర ఏం జరిగిందో కూడా వాళ్లకి చెప్పలేదు.

పుస్తకంలో చివరి అధ్యాయాలు గే సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు ఇచ్చిన 2018 సెప్టెంబర్ 6 తీర్పు, ఆ రోజు మెరీనాలో పంచుకున్న మైసూర్‌పాక్, లాక్‌డౌన్‌లో ఫోన్ కూడికలు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి పిల్లల్ని "మార్చే" వైద్యాలని నిషేధించమని చెప్పిన తీర్పు గురించి రెండు పేజీలున్నాయి, ఆ జడ్జిగారు విషయం అర్థం చేసుకోవడానికి తానే సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. ఆ రెండు పేజీలూ జిరాక్స్ తీసి, పిల్లవాణ్ని అలాంటి ప్రార్థనలకి తీసుకెళ్తున్న ఒక తల్లికి ఇచ్చాం. ఆవిడ పోయిన ఆదివారం వచ్చింది, చివరి వరసలో కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు.

150 కాపీల్లో ఇప్పుడు 19 మిగిలాయి. ఇంకో 100 వేయిద్దామని అదే ప్రెస్సుకి చెప్పాను, ఫొటోలున్న పేజీలు మాత్రం ఈసారి ఆర్ట్ పేపర్ మీద, ప్రూఫ్ కూడా దాని మీదే. వెళ్లేవాళ్లు ఒంటిగంటన్నర నుంచి రెండున్నర వరకు వెళ్లకండి, భోజనాల టైము, ఆ అమ్మాయి ఉండదు.