సిగార్ ఒంటిపక్క కాలుతుంటే: ఒకే మంట లైటర్‌తో మూడేళ్లు

సిగార్ ఒక పక్క గబగబా కాలిపోతూ రెండో పక్క అలాగే నిలబడిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గంటసేపు తీరిగ్గా కూర్చుందామనుకున్న సాయంత్రం కాస్తా దాన్ని సరిచేయడంతోనే సరిపోతుంది. మూడేళ్ల కిందట ఈ ఒకే మంట జెట్ లైటర్ కొన్నది అచ్చంగా ఆ బాధ తప్పించుకోవడానికే. గ్యాస్ ఎంత పడుతుంది, బరువెంత, మూత ఎలా తెరుచుకుంటుంది అన్నవి పెట్టె మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నదల్లా దాని మంట గురించి.

సూదిలాంటి మంట అది. అంతకుముందు నా దగ్గర మూడు మంటల లైటర్ ఉండేది. వెనకబడ్డ చోట కాస్త వేడి తగిలిద్దామంటే చుట్టూ ఉన్న పై ఆకంతా నల్లబడిపోయేది. ఇది అలా కాదు. పెన్సిల్‌తో చుక్క పెట్టినంత కచ్చితంగా, ఎక్కడ కావాలో అక్కడే తగులుతుంది. మంట మొన ఆకును తాకకుండా కొంచెం ఎడంగా పట్టుకుంటాను. ముందు ఆకు అంచు నూనె రాసినట్టు మెరుస్తుంది, తర్వాత దాని మీద వెంట్రుకంత నారింజ గీత పాకుతుంది. అది వెళ్లి అవతలి నిప్పు గీతతో కలవగానే ఆపేయాలి. రెండు మూడు సెకన్ల పని. ఇప్పటికీ ఆ రెండు గీతలు కలవడం చూస్తే నాకు భలే సంతోషంగా ఉంటుంది. పై ఆకు కాలకుండా లోపలి పొగాకు మాత్రమే సొరంగంలా కాలిపోతుంటే కూడా ఇంత బాగా పనికొచ్చే మంట నేను చూడలేదు.

కొన్న కొత్తలో "ఇక వంకరగా కాలడమన్న మాటే లేదు" అని అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కారణం పోయినేడాది ఒక సాయంత్రం.

చాలాకాలం తర్వాత పాత స్నేహితుడు వచ్చాడు. అతనితో కలిసి కాల్చాలని రెండేళ్లుగా దాచిన సిగార్లు రెండు తీశాను. బాల్కనీలో కూర్చున్నాం, ఎడమ వైపు నుంచి గాలి వీస్తోంది. మూడో వంతు అయ్యేసరికి నా సిగార్ ఎడమ పక్క గోరంత ముందుకెళ్లింది, చూస్తుండగానే బొటనవేలంత అయింది. నాకేం కంగారు లేదు, చేతిలో లైటర్ ఉంది కదా. నొక్కాను. బుస్సుమంది, నీలం మంట కనబడి పోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఆ మధ్యాహ్నమే గ్యాస్ నింపాను కూడా. చక్రం తిప్పి మంట పెంచితే అసలు అంటుకోవడమే మానేసింది. పదిసార్లు నొక్కి ఉంటాను. ఈలోపు నిప్పు ఇంకాస్త వాలిపోయింది.

తప్పు నాదేనని తర్వాత తెలిసింది. ట్యాంకులో చేరిన గాలిని తీసేయకుండా పైనుంచి గ్యాస్ ఎక్కించాను. ఇప్పుడు నింపే ముందు నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట, చిన్న స్క్రూడ్రైవర్‌తో వాల్వ్ నొక్కి, బుస్సుమనడం పూర్తిగా ఆగేదాకా పట్టుకుంటాను. మంట చక్రాన్ని అన్నిటికంటే తక్కువకు తిప్పి, లైటర్‌ను తలకిందులుగా పట్టుకుని నింపుతాను. నింపగానే లోపలి గ్యాస్ చల్లగా ఉంటుంది కాబట్టి పది నిమిషాలు పక్కన పెట్టాకే వెలిగిస్తాను. అప్పటి నుంచి మళ్లీ మొరాయించలేదు. అప్పుడప్పుడు మంట వచ్చే రంధ్రంలో పొగాకు నుసి చేరుతుంది, గట్టిగా ఊదితే పోతుంది.

ఆ సాయంత్రం మాత్రం నా అవస్థ చూసి స్నేహితుడు "ఆగరా, దాన్ని అవతల పెట్టు" అన్నాడు. మంచినీళ్ల గ్లాసులో వేలు ముంచి, ముందుకు పరిగెడుతున్న నిప్పుకు కొంచెం అవతల ఆకు మీద తడి రాయమన్నాడు. వెనకబడ్డ పక్కను కిందికి తిప్పి పట్టుకోమన్నాడు. కుర్చీ జరిపి గాలికి వీపు పెట్టించాడు. ఆపైన నిమిషానికి ఒక్క దమ్మే లాగమన్నాడు. కబుర్ల హుషారులో అప్పటిదాకా నేను పది సెకన్లకోటి లాగుతున్నానని అప్పుడుగానీ గమనించలేదు. పావుగంటకి నిప్పు దాదాపు సర్దుకుంది. పూర్తిగా తిన్నగా రాలేదు గానీ, చివరిదాకా ఎక్కడా చేదు తగల్లేదు. అది నన్ను ఆలోచనలో పడేసింది. లైటర్‌తో నాలుగైదుసార్లు సరిచేసిన సిగార్లన్నీ సగం దాటాక చేదెక్కేవి. ఆ చేదు పొగాకుదే అనుకునేవాణ్ణి.

అక్కడి నుంచి అసలు వంకర ఎందుకొస్తోందో చూడటం మొదలుపెట్టాను. మొదటి కారణం, ఒప్పుకోవడానికి కష్టమైనా, ఈ లైటరే. నేను కాల్చేవి ఎక్కువగా 50 రింగు లావువి. అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50, దాదాపు 20 మిల్లీమీటర్లు. సూదిమంట ఒకేసారి అంత వెడల్పునూ అందుకోలేదు. తొందరపడి నోట్లో పెట్టుకుని ఒకచోట మంట చూపి లాగితే ఆ పక్క ముందే అంటుకుంటుంది. వంకర అక్కడే మొదలు. ఇప్పుడు నోట్లో పెట్టుకోకుండానే, సిగార్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ, కొసను అంచు నుంచి మధ్యకు కాస్త దూరం నుంచే కాలుస్తాను. నిమిషం దాకా పడుతుంది. తర్వాత కొస మీద మెల్లగా ఊదితే ఎక్కడ నిప్పు ఎర్రబడలేదో కనిపిస్తుంది. అక్కడొక్కచోటే మళ్లీ మంట చూపిస్తాను. ఈ ఊదే అలవాటు ఒక్కటి చేసుకున్నా చాలా తేడా వస్తుంది.

రెండోది తేమ. సిగార్లు దాచే నా పెట్టెలో తేమ కొలిచే మీటర్ 68 శాతం చూపిస్తుంటే అంతా బాగానే ఉందనుకున్నాను. చిన్న మూతలో ఉప్పు వేసి, తడి మట్టిలా అయ్యేంత నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు మూసిన డబ్బాలో ఒక రోజు ఉంచి చూశాను. అలా ఉంచితే 75 చూపించాలి, నాది 69 దగ్గర ఆగింది. అంటే లోపల నిజంగా ఉన్నది 74. అంత చెమ్మలో ఆకు సరిగ్గా కాలుతుందా? పెట్టెలో తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లకు మారాను. ఒకట్రెండు నెలలకు, సిగార్‌కు నాలుగైదుసార్లు బయటికి తీయాల్సిన లైటర్‌ను ఒక్కసారి తీయడం కూడా అరుదైపోయింది.

కొన్నిటికి చుట్టడంలోనే లోపం ఉంటుంది. మెల్లగా కాలే మందపాటి లిగేరో ఆకు మధ్యలో ఉండాల్సింది ఒక పక్కకు జరిగితే మనం ఎంత జాగ్రత్తపడ్డా ఆ పక్క వెనకబడుతుంది. అలాంటప్పుడు ఈ సూదిమంటను మించింది లేదు. కానీ గోరంత వంకరకు మాత్రం ఇప్పుడు చెయ్యి పెట్టను. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. నేను వారానికి ఒకటి, మహా అయితే రెండు కాలుస్తాను. కూర్చునేది గాలి తక్కువగా ఉండే మూల, వెలిగించడానికి నిమిషం తీసుకునే ఓపిక ఉంది. 60 రింగు లావువి కాల్చేవాళ్లకు, ఆరుబయట నడుస్తూ వెలిగించేవాళ్లకు దీన్ని ధైర్యంగా చెప్పలేను. వాళ్లకు రెండు మంటలదో మూడు మంటలదో నయమేమో.