సీజన్ మెయిళ్ల టూల్: మూడేళ్లు వాడాక మిగిలినవి, పీకేసినవి

కస్టమర్లందరికీ ఒకేసారి ఆఫర్ మెయిళ్లు పంపడానికి మూడేళ్లుగా ఒకే మెయిల్ క్యాంపెయిన్ టూల్ వాడుతున్నాను. అమ్మేది డైరీలు, ప్లానర్లు, గోడ క్యాలెండర్లు. వ్యాపారమంతా ఏడాది చివరి రెండు నెలల్లోనే. జనవరి దాటాక కొత్త క్యాలెండర్ ఎవరు కొంటారు? అందుకని టూల్‌లో కనిపించిన ప్రతి చిన్న ఫీచర్‌నూ ఆ రెండు నెలల్లో పెట్టి చూశాను. సగం పీకేశాను కూడా.

ముందు కౌంట్‌డౌన్ టైమర్. మెయిల్లో సెకన్లు టకటకా తగ్గుతుంటే చూడ్డానికి భలే ఉంటుంది. నిజానికి అది గడియారం కాదు, కదిలే జిఫ్ బొమ్మ. మెయిల్ తెరవగానే, అప్పటికి ఎంత టైం మిగిలిందో లెక్కేసి సర్వర్ ఆ బొమ్మను పంపుతుంది. అయితే 2021లో ఐఓఎస్ 15తో పాటు యాపిల్ మెయిల్‌లో వచ్చిన ప్రైవసీ ఆప్షన్, మనం మెయిల్ తెరవకముందే బొమ్మల్ని దించి పెట్టేస్తుంది. ఉదయం దించిన బొమ్మను రాత్రి చూస్తే ఉదయం లెక్కే కనిపిస్తుంది. మొదటి ఏడాది నాకీ సంగతి తెలియదు. ఆఫర్ అయిపోయిన మర్నాడు ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపారు. మెయిల్లో ఇంకా ఆరు గంటలుంది, సైట్‌లో మాత్రం ‘ఆఫర్ ముగిసింది’. ‘ఇందులో ఏది నమ్మమంటారు?’ అని ఒక్క ముక్క రాశారు. సారీ చెప్పి ఆఫర్ ధరకే ఇచ్చాను.

అప్పటి నుంచి గడువును మామూలు అక్షరాల్లో రాస్తున్నాను. అక్కడా తిరకాసే. ‘ఆదివారం రాత్రి 12 వరకు’ అంటే శనివారం దాటిన అర్ధరాత్రా, ఆదివారం దాటినదా అని అడిగారు. ఇప్పుడు ‘ఆదివారం రాత్రి 11:59’ అనే రాస్తాను. పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో జిఫ్ మొదటి ఫ్రేమ్ దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి అది వాడేవాళ్లకూ ఆ ఒక్క లైనే దిక్కు. టైమర్‌ను సైట్‌లోకి మార్చేశాను, అక్కడ బాగానే పనిచేస్తోంది. అన్నట్టు, ఎంతమంది మెయిల్ తెరిచారో చెప్పే ఓపెన్ రేటును బొమ్మ దిగడాన్ని బట్టే లెక్కేస్తారు. బొమ్మలు ముందే దిగిపోతాయి కాబట్టి దాన్ని కూడా నమ్మడానికి లేదు. నేను చూసేది క్లిక్కులూ ఆర్డర్లే.

తిప్పితే డిస్కౌంట్ వచ్చే చక్రం మొదటి వారం మహా సందడిగా నడిచింది. పెద్ద డిస్కౌంట్ పడేదాకా కొత్త కొత్త మెయిల్ అడ్రసులతో తిప్పుతూనే ఉన్నారని తర్వాత అర్థమైంది. లిస్టు నిండా దొంగ అడ్రసులు, పంపిన మెయిళ్లు తిరిగొచ్చేవి. తీసేశాను.

పేరుతో పలకరించే ఫీచర్ మంచిదే, కాకపోతే పేరు ఇవ్వనివాళ్లకు ఏం చూపాలో ముందే నింపి పెట్టుకోవాలి. లేకపోతే ‘నమస్తే ,’ అని ఉత్త కామాతో వెళ్తుంది.

కొన్న ప్రతిసారీ ఒక స్టాంపు వేసి, అన్నీ నిండితే బహుమతి ఇచ్చే స్టాంపుల కార్డు మీద నాకు పెద్ద ఆశ ఉండేది కాదు. 2006లో న్యూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన కార్ వాష్ ప్రయోగం గురించి చదివాక సెట్టింగ్ మార్చాను. వాళ్లు కొందరికి ఎనిమిది స్టాంపుల ఖాళీ కార్డు, ఇంకొందరికి రెండు ముందే వేసిన పది స్టాంపుల కార్డు ఇచ్చారు. ఎవరైనా కొట్టించుకోవాల్సింది ఎనిమిదే. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది పూర్తి చేస్తే, రెండోవాళ్లలో 34 శాతం. నేనూ ఒక స్టాంపు ముందే వేసి పంపుతున్నాను. డైరీ కొన్నవాళ్లు రీఫిల్ కోసం మళ్లీ రావడం పెరిగింది.

నేను అస్సలు వదులుకోనిది మాత్రం, ఎవరూ గొప్పగా చెప్పుకోని ‘ఈ సీజన్‌కు పాజ్’ బటన్. సీజన్‌కు రెండు వారాల ముందు చిన్న మెయిల్ పంపుతాను: ‘ఈసారి క్యాలెండర్ మెయిళ్లు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి, మిగతావి మామూలుగానే వస్తాయి.’ నొక్కేది కొద్దిమందే. కానీ వాళ్లు పూర్తిగా వెళ్లిపోలేదు, స్పామ్ బటనూ నొక్కలేదు. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ చేసే వీలు ఇవ్వాలని జీమెయిల్ 2024లో రూల్ పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదనీ అంది. ఆ అంకె చూశాక ఈ బటన్ విలువ ఇంకా బాగా తెలిసింది.

ఇందులోనూ లోపముంది. పాజ్ దానంతట అది తొలగిపోదు. రెండో ఏడాది, అంతకుముందు నొక్కినవాళ్లెవరికీ ఒక్క సీజన్ మెయిల్ కూడా వెళ్లలేదని డిసెంబర్ మధ్యలో కనిపెట్టాను. ఇప్పుడు ప్రతి ఫిబ్రవరిలో కూర్చుని చేత్తో తీసేస్తున్నాను. పాజ్‌కు గడువు తేదీ పెట్టే వీలు కల్పించమని టూల్ వాళ్లకు రాస్తే, ‘మీ సూచన నమోదు చేసుకున్నాం’ అని వెంటనే జవాబొచ్చింది. పైన నా పేరుండాల్సిన చోట ఉత్త కామా.