జీనోమ్ డేటాబేసుల్లో ‘ఎక్కడిది’ అన్న కాలమ్‌ను ఎంత నమ్మొచ్చు: జయపురం నుంచి సమీక్ష

ఒడిశాలోని కోరాపుట్ దేశవాళీ వరి మీద పని కావడంతో జెన్‌బ్యాంక్ (డీఎన్‌ఏ సీక్వెన్సుల డేటాబేసు), బయోశాంపిల్ (ఆ సీక్వెన్సులు తీసిన నమూనాల వివరాల డేటాబేసు) రికార్డులను ఏళ్ల తరబడి వాడుతున్నాను. సీక్వెన్సుల మీద నాకు ఫిర్యాదు లేదు. నమూనా ఎక్కడిదో చెప్పే కాలమ్ సంగతి వేరు. దేశం పేరు చాలావరకు సరిపోతుంది. జిల్లా పేరును విచారించి తీసుకోవాలి. అక్షాంశ రేఖాంశాలనైతే మూలం చూడకుండా మ్యాపు మీద పెట్టకూడదు.

ఆ కాలమ్ నింపేది నమూనా సమర్పించినవారే. అంకెలు, దేశం పేరు పొసగకపోతే డేటాబేసు తనిఖీ పట్టుకుంటుంది. కోరాపుట్ జిల్లాలోని మా జయపురం 18.86 ఉత్తరం, 82.57 తూర్పు. ఇవి తారుమారైతే చుక్క స్వాల్‌బార్డ్‌కు పైన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది కాబట్టి తప్పు దొరికిపోతుంది. మరి గింజలు మా కొండలవై, అంకెలు ఆ గింజలు దాచిన విత్తన బ్యాంకువైతే? రెండూ భారతదేశమే, తనిఖీకి ఏ తేడా కనిపించదు. నాకు ఎక్కువగా తగిలినవి ఇలాంటివే. పైగా నాలుగు దశాంశాలు ఉంటాయి. అంటే పదకొండు మీటర్ల ఖచ్చితత్వం! కొత్తగా వచ్చిన విద్యార్థి అది చూసి పొలం గట్టు దాకా తెలిసిపోయిందనుకుంటాడు.

సరిహద్దులో చిక్కు ఇంకా ఎక్కువ. 1992కు ముందు సేకరించిన నమూనాకు ‘కోరాపుట్’ అని ఉంటే, అది నేటి మల్కన్‌గిరి, నవరంగపూర్, రాయగడలలో ఏదైనా కావచ్చు. కొటియా గ్రామాలు మావని ఒడిశా, ఆంధ్ర రెండూ అంటాయి. అక్కడి వడ్లను ఒకరు కోరాపుట్ కింద, మరొకరు విజయనగరం (2022 నుంచి పార్వతీపురం మన్యం) కింద రాస్తే ఎవరిదీ అబద్ధం కాదు, కానీ డేటాలో అవి రెండు చోట్లవుతాయి. ఇక పేరునుబట్టి అంకెలు తీసే సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త: జయపురాన్ని రాజస్థాన్ జైపూర్‌కు తీసుకెళ్లగలదు.

కొంత మెరుగుపడిన మాట నిజమే. 2023 నుంచి కొత్త నమూనాలకు దేశం, సేకరణ తేదీ తప్పనిసరి చేశారు. సమాచారం లేకపోతే ‘సేకరించలేదు’ వంటి కారణం రాయవచ్చు. నాకు అది బాగా నచ్చింది. తప్పుడు అంకెకన్నా ఆ మాట వెయ్యి రెట్లు నయం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ వరి రకాలను తరతరాలుగా కాపాడింది ఇక్కడి ఆదివాసీ రైతులు. ఆ పనికే కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. సీక్వెన్స్ డేటాతో లాభపడే కంపెనీల నుంచి విరాళాలు సేకరించే కాలీ నిధి, ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందం కింద, 2025లో మొదలైంది. అందులో కనీసం సగం ఆదివాసీ, స్థానిక సమాజాలకు చేరాలన్నది లక్ష్యం. రికార్డులో ఊరే లేకపోతే ఆ ఊరివాళ్లు తమ వంతు ఎలా అడుగుతారు?

అందుకే నేను బయోశాంపిల్‌తో ఆగను. అక్సెషన్ నంబరు (విత్తన బ్యాంకు ఆ నమూనాకిచ్చిన గుర్తింపు సంఖ్య) పట్టుకుని విత్తన బ్యాంకు సేకరణ రికార్డు చూస్తాను, పరిశోధన పత్రం అనుబంధ పట్టికల్లో ఊరి పేరు వెతుకుతాను. మూడూ కలిస్తేనే చుక్క పెడతాను. కలవకపోతే జిల్లా స్థాయిలోనే ఆపి, సమర్పించినవారికి మెయిల్ రాస్తాను. రికార్డును సరిదిద్దించే అధికారం వారిదే. కొందరు వెంటనే మారుస్తారు, కొందరి మెయిల్ చిరునామాలే పనిచేయవు. దేశాల స్థాయిలో పోలికలు చేసేవారికి ఈ డేటా చాలు. లోయకూ లోయకూ తేడా వెతికేవారు మాత్రం ఈ పని తమ చేతులతో చేసుకోక తప్పదు.