న్యూయార్క్ పొలిమేర ఎక్కడ? ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా దాకా లోకల్ రైళ్ళలో

మేముండేది ఎడిసన్‌లో. ఇక్కడ ఎవరన్నా "వీకెండ్ సిటీకెళ్ళొచ్చాం" అంటే అది న్యూయార్కే, ఏ సిటీ అని అడిగే పనే లేదు. అదే చెర్రీ హిల్‌లో ఉండే మా ఫ్రెండ్ వాళ్ళింటికెళ్తే వాళ్ళకి సిటీ అంటే ఫిలడెల్ఫియా. రెండూ న్యూజెర్సీనే, మధ్యలో గంట డ్రైవ్, మరి ఈ మాట ఏ ఊరి దగ్గర మారుతుందీ అని నాకెప్పట్నుంచో డౌటు. ఈసారి అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వచ్చారు కాబట్టి అదీ చూసినట్టుంటుంది, ఫిలడెల్ఫియా చూపించినట్టూ ఉంటుందని శని, ఆదివారాలు పెట్టుకుని బయల్దేరాం. మావయ్యగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, గుంటూరు విజయవాడ సర్వీసు మీద తిరిగి తిరిగి ఆ రూట్లో ప్రతి స్టేజీ నోటికొచ్చు. "కారొద్దు బాబూ, రైల్లోనే పోదాం, ఊళ్ళు దిగుతూ ఎక్కుతూ ఉంటేనే తెలుస్తాయి" అన్నారు. సరే అన్నాను.

దూరప్రాంతాల రైలు ఆమ్‌ట్రాక్ ఎక్కితే న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకి గంటన్నర లోపే, కానీ లేటుగా బుక్ చేస్తే రేటు చూసి కళ్ళు తిరుగుతాయి, నలుగురికంటే ఇక చెప్పక్కర్లేదు. లోకల్‌లో అయితే ట్రెంటన్ దాకా న్యూజెర్సీ వాళ్ళ ఎన్‌జే ట్రాన్సిట్, అక్కడ దిగి ఫిలడెల్ఫియా వాళ్ళ సెప్టా. రెండిటికీ టికెట్లు వేరు, ఒకదాని టికెట్ ఇంకోదాంట్లో పనికిరాదు, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి.

మొదట ప్రిన్స్‌టన్. ఎడిసన్‌లో ఎక్కితే అరగంట లోపే ప్రిన్స్‌టన్ జంక్షన్, అక్కణ్ణుంచి యూనివర్సిటీ దాకా డింకీ అని చిన్న రైలు, 2.7 మైళ్ళు, అయిదు నిమిషాలు. అత్తయ్యగారికి ట్రిప్ మొత్తమ్మీద ఇదే నచ్చింది, కూర్చునేలోపే దిగమన్నారని ఒకటే నవ్వు. క్యాంపస్ అంతా ఫ్రీగా తిరగొచ్చు, పెద్దవాళ్ళకి బెంచీలు, నీడ బోలెడు. మెర్సర్ స్ట్రీట్‌లో 112 నంబర్, ఐన్‌స్టీన్ ఉన్న ఇల్లు, అది మ్యూజియం కాదు, రోడ్డు మీదనుంచి చూసి వచ్చేయడమే, చాలామంది లోపలికెళ్ళొచ్చనుకుని వెళ్తారు. వచ్చిన జనం ఎక్కువమంది మళ్ళీ న్యూయార్క్ వైపు రైలెక్కేవాళ్ళలాగే కనిపించారు. న్యూయార్క్ బేస్‌బాల్ టీం యాంకీస్ టోపీలు చాలానే ఉన్నాయి, ఫిలడెల్ఫియా టీం ఫిలీస్ టోపీలూ ఉన్నాయి, నేనైతే లెక్కపెట్టడం మొదలుపెట్టి మా ఆవిడ చూసిన చూపుకి ఆపేశాను.

సాయంత్రం క్యాబ్‌లో రూట్ 1 మీద లారెన్స్ వైపు హోటల్‌కి వెళ్తుంటే ప్రావిన్స్ లైన్ రోడ్ అని బోర్డు కనిపించింది. నేను వెతుకుతున్నది ఇదే. 1674 నుంచి 1702 దాకా న్యూజెర్సీ ఒక్కటి కాదు, ఈస్ట్ జెర్సీ, వెస్ట్ జెర్సీ అని రెండు ముక్కలు. ఈస్ట్‌కి రాజధాని పెర్త్ ఆంబోయ్, అది న్యూయార్క్ మొహాన ఉంటుంది, వెస్ట్‌కి బర్లింగ్టన్, అది డెలావేర్ నది ఒడ్డున ఫిలడెల్ఫియా వైపు, అక్కడంతా క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు. 1687లో జార్జ్ కీత్ అనే సర్వేయర్ మధ్యలో గీత గీశాడు, ఆ గీత వెంట పడ్డ రోడ్డే ఇది. అంటే 300 ఏళ్ళ కిందటే ఇక్కడ పొలిమేర రాయి పాతేశారన్నమాట. ఇప్పుడక్కడ చూడటానికేం లేదు, సిగ్నల్స్, చుట్టుపక్కల షాపింగ్, అంతే, దీనికోసం ప్రత్యేకంగా వెళ్ళకండి.

హోటల్ సంగతి చెప్పాలి. పేరు చెప్పను కానీ వెబ్‌సైట్‌లో స్టేషన్‌కి షటిల్ ఉందని రాశారు, తీరా వెళ్ళాక అది సోమవారం నుంచి శుక్రవారం వరకే, ఆఫీసుల పనిమీద వచ్చేవాళ్ళకట. బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అన్నారు, అత్తయ్యగారు తినగలిగింది బ్రెడ్డు, అరటిపండు. రూములు మాత్రం శుభ్రంగా, పెద్దగా ఉన్నాయి, నిద్ర బాగా పట్టింది. రాత్రి టీవీ పెడితే లోకల్ న్యూస్‌లో అంతా ఫిలడెల్ఫియా ట్రాఫిక్, ఫిలడెల్ఫియా వాన. ఇంట్లో మాకొచ్చేది న్యూయార్క్ వెదర్. తర్వాత చూస్తే టీవీ వాళ్ళ లెక్కలో ప్రిన్స్‌టన్, లారెన్స్, ట్రెంటన్ ఉన్న మెర్సర్ కౌంటీ ఫిలడెల్ఫియా మార్కెట్ కిందకి, మా మిడిల్‌సెక్స్ కౌంటీ న్యూయార్క్ కిందకి వస్తాయి. చెక్ అవుట్ చేసేటప్పుడు రిసెప్షన్‌లో అమ్మాయిని "సిటీకి వెళ్ళాలి, ట్రైన్ ఏది బెటర్" అని కావాలనే అడిగాను. "ఏ సిటీకి?" అంది.

ఆదివారం క్యాబ్‌లో ట్రెంటన్. రాష్ట్ర రాజధాని, 1776 డిసెంబర్ 26న స్వాతంత్ర్య పోరాటంలో జార్జ్ వాషింగ్టన్ ఇక్కడే యుద్ధం గెలిచాడు, ఓల్డ్ బ్యారక్స్ లాంటివి ఉన్నాయి కానీ మేం ఊళ్ళోకి పోలేదు, రైలు వచ్చేదాకా 40 నిమిషాలు స్టేషన్లోనే కూర్చున్నాం. ఆదివారాలు సెప్టా రైళ్ళు తక్కువ, టైంటేబుల్ చూడకుండా వెళ్తే ఇరుక్కుంటారు. ఎక్కాక కుడి వైపు కూర్చోండి. రైలు కదిలిన కాసేపటికే డెలావేర్ దాటుతుంది, పక్క బ్రిడ్జి మీద "ట్రెంటన్ మేక్స్, ద వరల్డ్ టేక్స్" అని పెద్ద పెద్ద అక్షరాలు, ఫ్యాక్టరీలు నడిచిన రోజుల నాటి గొప్ప. సముద్రపు పోటు కూడా నదిలో ట్రెంటన్ దాకానే వస్తుంది, పైన రాళ్ళు, జలపాతాలు, పెద్ద పడవలు ఇక్కడాగాల్సిందే. అవతలి ఒడ్డు పెన్సిల్వేనియా. అక్కడైతే పెట్రోల్ మనమే కొట్టుకోవాలి, న్యూజెర్సీలో మనల్ని ముట్టుకోనివ్వరు, కారులో వచ్చేవాళ్ళకి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

నది దాటుతుంటే మావయ్యగారు కృష్ణ వారధి గుర్తుచేసుకున్నారు. తాడేపల్లి వాళ్ళని ఏ ఊరంటే బెజవాడే అంటారు, జిల్లా చూస్తే గుంటూరు, "నది అడ్డమున్నా ఊరు ఆగదు బాబూ" అన్నారు. అది నిజమే, ఇక్కడా నది ఇవతల, ట్రెంటన్ పక్కనే హామిల్టన్‌లో ఉండి ఫిలడెల్ఫియా టీవీ చూసేవాళ్ళున్నారుగా.

ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ స్టేషన్‌లో దిగితే రెడింగ్ టెర్మినల్ మార్కెట్ పక్కనే, లిబర్టీ బెల్‌కి నడిచే వెళ్ళొచ్చు. బెల్‌కి టికెట్ లేదు, సెక్యూరిటీ లైన్ ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన జరిగిన ఇండిపెండెన్స్ హాల్‌కి మాత్రం సాధారణంగా టైం స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, మనిషికి డాలర్ ఫీజు. మార్కెట్లో ఆదివారం ఆమిష్ వాళ్ళ (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవుల) కొట్లు మూసేస్తారు, ప్రెట్జెల్ కోసమే వెళ్ళేవాళ్ళు శనివారం పెట్టుకోండి, మేం శని, ఆదివారాలు తిరగేసి ప్లాన్ చేసుండాల్సింది. రాబిన్స్‌విల్‌లో ఉన్న అక్షరధామ్ గుడి ఇంకో ట్రిప్పుకి దాచాం, దానికి ఒక రోజు కావాలి, స్టేషన్ నుంచి నడిచే దూరమూ కాదు.

రెండు సిటీలూ చూడాలనుకునే వాళ్ళు మెర్సర్ కౌంటీలో స్టే పెట్టుకుంటే పనికొస్తుంది, కానీ హామిల్టన్ స్టేషన్ దగ్గర్లో చూసుకోండి, రూట్ 1 మీద దిగితే క్యాబ్‌లకే సగం డబ్బు పోతుంది, మాకలాగే పోయింది. న్యూయార్క్ ఒక్కటే అయితే అంత దూరం రావడం దండగ, మా ఎడిసన్ పక్కనున్న మెట్రోపార్క్ స్టేషన్ చుట్టుపక్కల చాలు, ఓక్ ట్రీ రోడ్‌లో మన భోజనం కూడా దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ట్రెంటన్‌లో దిగి ప్లాట్‌ఫాం మారుతుంటే పొలిమేర ఎక్కడో తేలిందా మావయ్యగారూ అని అడిగాను. ఆయన చేతిలో ఉన్న సెప్టా టికెట్ నాకిచ్చి "ఇది ఇక్కడ తెగిపోయింది కదా, ఇంకేం కావాలి" అని రెండో టికెట్ జేబులోంచి తీసి ముందు నడిచారు.