పాత చీరల బొంత: వీధి మిషన్ కుట్టును ఎంతవరకు నమ్మొచ్చు?

చలి మొదలయ్యే ముందు బండి మీద కుట్టుమిషన్ పెట్టుకుని బొంతలు కుట్టేవాళ్లు వీధుల్లోకి వస్తారు. చీరలు చేతికిస్తే పూట తిరక్కముందే బొంత తయారు. చేత్తో కుడితే వారం పది రోజులు పట్టే పని ఇది. మరి ఇంత తొందర పని నిలుస్తుందా? కుట్టు సంగతి అంత బెంగ అక్కర్లేదు, మామూలుగా గట్టిగానే ఉంటుంది. బొంత ఎక్కువగా పాడయ్యేది సూది దిగకముందే, చీరలు ఏరడంలోనూ పరవడంలోనూ.

ముందు లెక్క చూద్దాం. చీర అయిదున్నర మీటర్ల పొడవు, దాదాపు 45 అంగుళాల పన్నా. మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవున మూడు పొరలొస్తాయి. అంటే సింగిల్ బొంతకు రెండు చీరలు చాలు, ఆరు పొరలు. డబుల్‌కు చీరను మధ్యకు కోసి రెండు సగాలనూ అంచుకు అంచు కలిపితే ఏడున్నర అడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున ఒక పొర. పైకొకటి, కిందికొకటి, లోపలికి మూడు, మొత్తం ఐదు చీరలు. నూలు చీరలైతే బరువు రెండుంపావు నుంచి రెండున్నర కిలోలు తూగుతుంది. సింగిల్‌కే ఐదు చీరలడిగితే మిగిలిన గుడ్డ ఎటు పోతోందో అడగడంలో తప్పులేదు. ఎక్కువ పొరలుంటే ఎక్కువ వెచ్చన అనుకుని ఎనిమిది, తొమ్మిది వేయించుకునేవాళ్లున్నారు. అలాంటి బొంత వానాకాలంలో ఉతికితే లోపల ఆరదు. మూడో రోజుకు ముక్క వాసన, ఆపైన బూజు.

చీరలిచ్చే ముందు ఫాల్ విప్పేయాలి. ఫాల్ గుడ్డ వేరు, చీర గుడ్డ వేరు, రెండూ ఒకేలా కుంచించుకోవు. విప్పకుండా కుట్టిన బొంత ఉతికాక ఆ వైపంతా అలలు తేలుతుంది. జరీ అంచు కత్తిరించాలి, లేకపోతే ఒంటికి గీసుకుంటుంది, సూదినీ విరుస్తుంది. నూలునూ పాలిస్టర్‌నూ కలపొద్దు. నూలు కుంచించుకుంటుంది, పాలిస్టర్ కదలదు. మొదటి ఉతుకు తర్వాత పై పొర బుడగల్లా లేస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ఒక్కసారీ తడపని కొత్త నూలు చీర పాతవాటితో కలిపినా అదే గతి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం చీరలను తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటితే పక్కన పెట్టండి. ఇక బలం సంగతి: చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి రెండు బొటనవేళ్లతో అడ్డంగా లాగాలి. చిటచిటమంటే అది లోపలి పొరకు కూడా వద్దు. కుచ్చిళ్ల అడుగు భాగం, నడుము దగ్గర దోపుకునే భాగం ముందు నలుగుతాయి. పైట చెంగు వైపు గుడ్డ గట్టిగా ఉంటుంది కాబట్టి సింగిల్ బొంతకైతే ఆ భాగం పై పొరగా వచ్చేలా మడత వేయించుకోండి.

అసలు పరీక్ష పరవడం దగ్గర. ఓపికున్న పనివాళ్లు అడుగు పొరను నేల మీద నాలుగు మూలలా బిగువుగా లాగి, ఒక్కో పొర వేసి అరచేత్తో మధ్య నుంచి బయటికి తోస్తారు. తర్వాత జానెడు దూరానికొక వరుసగా టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్లు, వేస్తారు. తొందరలో ఎగరగొట్టేది ఈ టాకాలనే. అవి లేకుంటే ఏమవుతుందంటే, మిషన్ కింద పళ్లు అడుగు గుడ్డను ముందుకు లాగుతాయి, పైనున్న పాదం పై గుడ్డను ఆపుతుంది. ఒక్కో గీతకు పావు అంగుళం జరిగినా, అన్నీ ఒకే వైపు నుంచి కుడితే చివరికి పై పొర జానెడు పక్కకు పోతుంది. అందుకే మొదటి గీత మధ్యలో పడాలి, పక్క గీత ఎదురు దిక్కు నుంచి రావాలి. టాకాలకు మరో అరగంట పడుతుంది. కావాలంటే దానికి వేరే డబ్బిస్తామని ముందే మాట్లాడుకోండి, బేరం చేయొద్దు.

గీతకూ గీతకూ రెండు నుంచి మూడంగుళాలు. నాలుగు దాటితే లోపలి గుడ్డ ముద్దకడుతుంది. కుట్టు అంగుళానికి ఆరేడు ఉంటే సరిపోతుంది. మరీ సన్నగా వేస్తే పాత గుడ్డ ఆ చిల్లుల వెంటే చిరుగుతుంది. దారం నూలుదైతే మేలు. గట్టి పాలిస్టర్ దారం తెగదు, తాను తెగకుండా మెత్తబడ్డ గుడ్డను కోసేయొచ్చు. డబుల్ బొంతకు బాబిన్‌తో (మిషన్ అడుగున ఉండే దారపు చుట్టతో) కలిపి సుమారు 250 నుంచి 350 మీటర్ల దారం పడుతుంది. సూది 16 నంబరు, పొరలు మందంగా ఉంటే 18. బెంగాల్‌లో పాత చీరల పొరలతో కాంథా అనే బొంతలు కుట్టేవాళ్లు వెనకటికి చీర అంచుల్లోంచే దారం లాగి వాడేవారు. గుడ్డా దారమూ ఒకే వయసువి కావడంతో ఒకదాన్నొకటి కోసుకునే భయం తక్కువ.

డబ్బిచ్చే ముందు బొంత తిరగేసి అడుగు వైపు చూడండి. దారం ఉంగరాలుగా వేలాడుతుంటే పై దారం బిగువు చాలలేదు, నెలలో ఊడుతుంది. తాడుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు, మళ్లీ మిగిలిన రెండు మూలల మధ్యా కొలవండి. రెండంగుళాలకు మించి తేడా వస్తే పొరలు జరిగినట్టే. గీతల మధ్య పిడికిలితో పట్టి నలిపితే లోపల ఉండలు తగలకూడదు. తగిలితే నిండు చీరకు బదులు ముక్కలు పేర్చారన్నమాట.

ముందు చిరిగేది అంచే. నాలుగు వైపులా మూడంగుళాల పట్టీని రెండుగా మడిచి, బొంతకు రెండు పక్కలా పట్టేలా రెండు గీతలు వేయించాలి. గుడ్డను ఊరికే లోపలికి మడిచి కుట్టేస్తే మూలలు ఏడాది ఆగవు.

మొత్తంగా పెద్దలు కప్పుకునేదానికి, పరుపు మీద పరిచేదానికి మిషన్ బొంత మంచి బేరం. పసిబిడ్డకు మాత్రం వద్దు. గీతల వెంట గట్టిబడుతుంది. పాత పంచెలు మూడు పొరలుగా వేసి చేత్తో కుట్టించడమే సరి.

పక్కన పెట్టిన పాలిస్టర్ చీరలను మసిగుడ్డలు చేయకండి. వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటాయి. జడలల్లి డోర్‌మ్యాట్ చేసినా నీళ్లు పీల్చవు. దానికి పాత టీషర్టులు నయం.

పని అయ్యాక మిగిలిన అంచు పట్టీ ఒక మూరెడు అడిగి తీసుకోండి. రెండేళ్లకు మూల విడితే రంగు కలిసే అతుకు దొరికేది అక్కడే.