సెలెస్టియన్ వింటేజ్ 30: 8 ఓమ్‌లదా, 16 ఓమ్‌లదా?

పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్లలో సెలెస్టియన్ వింటేజ్ 30కి ఉన్నంత పేరు ఏ కొద్ది వాటికో ఉంది. 1986లో వచ్చిన ఈ స్పీకర్ 60 వాట్ల వరకు తట్టుకుంటుంది, దీని సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ పవర్ ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత, 100 డెసిబెల్స్. పేరులోని 30ని చూసి అది వాట్ల సంఖ్య అనుకునేవారు ఉన్నారు, కానీ ఇది తట్టుకునేది 30 వాట్లు కాదు. 15 వాట్ల వాల్వ్ కాంబో యాంప్‌లో (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేస్తూ, యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) పాత స్పీకర్ తీసేసి దీన్ని బిగించి వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో నాదం కంటే ముందు ఓమ్‌ల సంగతే, అంటే కరెంట్‌కు స్పీకర్ చూపే అడ్డు (ఇంపిడెన్స్) సంగతే చెప్పాలి, ఎందుకంటే అది సరిపోకపోతే మిగతా గుణాలు ఎంత గొప్పవైనా ప్రయోజనం ఉండదు.

ఈ స్పీకర్ 8 ఓమ్‌లలోను, 16 ఓమ్‌లలోను దొరుకుతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, బిగించే ముందు అయస్కాంతం వెనుక ఉన్న లేబుల్‌ను తప్పనిసరిగా చదవాలి. వాల్వ్ యాంప్‌లో స్పీకర్ నేరుగా వాల్వులకు కలిసి ఉండదు. మధ్యలో ఉన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ ఇంపిడెన్స్‌ను తన చుట్ల నిష్పత్తి వర్గంతో హెచ్చించి వాల్వులకు చూపుతుంది. ఉదాహరణకు ఈఎల్84 రకం పవర్ వాల్వులు రెండు 8,000 ఓమ్‌ల లోడ్ కోరుకునేలా రూపొందించిన యాంప్‌లో, 8 ఓమ్‌ల స్పీకర్‌ను వెయ్యి రెట్లు చేసి చూపే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అదే జాక్‌కు 16 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే వాల్వులకు కనబడే లోడ్ 16,000 ఓమ్‌లవుతుంది. అప్పుడు పవర్ తగ్గడమే కాక, యాంప్‌ను బాగా ఓవర్‌డ్రైవ్ చేసినప్పుడు (శబ్దం చీలేంతగా పెంచినప్పుడు) ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో వోల్టేజ్ ఎగసిపడి దాని ఇన్సులేషన్‌కు ముప్పు తెస్తుంది. అందుకు భిన్నంగా 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే వాల్వుల గుండా కరెంట్ ఎక్కువగా ప్రవహించి అవి త్వరగా అరిగిపోతాయి. చాలా యాంప్‌లు రెండింతలు లేదా సగం వరకు తేడాను తట్టుకుంటాయన్న మాట నిజమే అయినా, తయారీదారు మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప దానిమీద ఆధారపడకూడదు. స్పీకరే లేకుండా వాల్వ్ యాంప్‌ను వాయించడం మాత్రం ఎప్పుడూ చేయరాదు.

ట్రాన్సిస్టర్ యాంప్‌ల లెక్క వేరు. వాటిలో సాధారణంగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కాబట్టి, వెనుక పలక మీద రాసిన కనీస ఓమ్‌ల కంటే తగ్గకుండా చూసుకుంటే చాలు. 8 ఓమ్‌ల చోట 16 ఓమ్‌లది పెడితే పవర్ దాదాపు సగానికి తగ్గుతుంది గానీ హాని జరగదు.

మల్టీమీటర్‌తో కొలిస్తే 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు, ఏడు ఓమ్‌ల దగ్గర, 16 ఓమ్‌లది పన్నెండు, పదమూడు దగ్గర చూపుతుంది. అది చూసి తప్పు సరుకు వచ్చిందని కంగారుపడనక్కర్లేదు. మీటర్ కొలిచేది వాయిస్ కాయిల్ తీగ డీసీ రెసిస్టెన్స్‌ను మాత్రమే. ఇంపిడెన్స్ శ్రుతిని బట్టి మారుతూ ఉంటుంది: ఈ స్పీకర్ రెసొనెన్స్, అంటే కోన్ సహజంగా కంపించే శ్రుతి అయిన 75 హెర్ట్జ్ దగ్గర అది చాలా రెట్లు పెరుగుతుంది, పై శ్రుతులలో మళ్లీ క్రమంగా పెరుగుతుంది.

రెండు స్పీకర్ల యాంప్‌లో ఇంకొంత జాగ్రత్త అవసరం. ఫెండర్ ట్విన్ రివర్బ్‌లో రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిసి 4 ఓమ్‌ల లోడ్ ఇస్తాయి. వాటిలో ఒకదాన్ని మాత్రమే 16 ఓమ్‌లదానితో మారిస్తే మొత్తం 5.3 ఓమ్‌లు అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, మిగిలిన 8 ఓమ్‌ల స్పీకర్ మీద 16 ఓమ్‌లదాని కంటే రెండింతలు పవర్ పడుతుంది.

బిగించడం కష్టమేమీ కాదు, అయితే 4.7 కిలోల బరువు చిన్న కాంబోకు ఎక్కువే. వాల్వులు కిందికి వేలాడే యాంప్‌లలో పెద్ద అయస్కాంతం వాటికి తగులుతుందేమో ముందే కొలిచి చూసుకోవాలి. మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి, ఒకే పక్క గట్టిగా బిగిస్తే ఫ్రేమ్ వంగే ప్రమాదం ఉంటుంది.

ఇక నాదం. మధ్యస్థాయికి పైభాగం, అంటే సుమారు 2 కిలోహెర్ట్జ్ ప్రాంతం, ముందుకు వచ్చి వినబడుతుంది. డ్రమ్స్, బేస్ మధ్య సోలో వాయిస్తే ప్రతి స్వరం విడిగా తెలుస్తుంది, డిస్టార్షన్ పెంచినా కార్డులోని (ఒకేసారి మోగించే స్వరాల గుంపులోని) స్వరాలు ముద్దగా కలిసిపోవు. ఇదే దీనిలో నాకు బాగా నచ్చిన గుణం. అయితే పదునైన సింగిల్ కాయిల్ పికప్‌లతో క్లీన్‌గా వాయించినప్పుడు అదే గుణం చెవికి కాస్త గీసినట్టు ఉంటుంది. కొత్తలో కోన్ బిగువుగా ఉంటుంది కాబట్టి ఈ పదును మరింత తెలుస్తుంది, వాయించే కొద్దీ కొంత మెత్తబడుతుంది.

సెన్సిటివిటీ ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. పాత స్పీకర్ 97 డెసిబెల్స్‌ది అయితే, దీనితో వచ్చే 3 డెసిబెల్స్ పెంపు యాంప్ వాట్లను రెట్టింపు చేసినదానితో సమానం. వేదిక మీద ఇది వరమే. ఇంట్లో తక్కువ శబ్దంతోనే పవర్ వాల్వుల డిస్టార్షన్ కావాలనుకునేవారికి మాత్రం ఇది ప్రతికూలం. అలాంటివారు 25 వాట్లు, 98 డెసిబెల్స్ ఉన్న అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్‌ను చూడటం మేలు. 15 వాట్ల యాంప్‌కు అది చాలుతుంది. కానీ వాల్వ్ యాంప్‌ను పూర్తిగా పెంచితే రాసి ఉన్న వాట్లకు మించి బయటికి వస్తుంది కాబట్టి, 22 వాట్ల యాంప్‌ను చివరిదాకా పెంచి వాయించేవారు ఒక్క గ్రీన్‌బ్యాక్ మీదే ఆధారపడకుండా వింటేజ్ 30నే తీసుకోవాలని నా సలహా.