‘48 వోల్టుల’ గడ్డి కట్టర్ కొనబోతున్నారా? ముందు ఆ బ్యాటరీ బరువెంతో అడగండి

ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకూ మూడు వేలకూ మధ్య ‘48 వోల్ట్, 12000 ఎంఏహెచ్, రెండు బ్యాటరీలు, మూడు రకాల బ్లేడ్లు’ అంటూ కనిపించే గడ్డి కోసే మిషన్ల జోలికి దయచేసి పోకండి. అలాంటిది ఒకటి మా ఇంట్లో ఉంది. దాని బ్యాటరీ మీద అచ్చువేసిన అంకెలు పచ్చి అబద్ధం. దాంతో వచ్చిన ఇనుప చక్రం అంతకంటే పెద్ద ప్రమాదం. వానలు పడి పెరట్లో గడ్డి లేచే రోజుల్లోనే ఈ ప్రకటనలు ఫోనులో వరసకడతాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది రాజోలు వైపు. ఇంటి చుట్టూ పెరడు, పెరట్లో కొబ్బరి, అరటి, దడి దాటితే పంటబోదె. ఈ ఒండ్రు నేల సంగతి మీకు తెలియనిది కాదు. తొలకరి పడితే చాలు, గరిక, తుంగ పోటీపడి లేస్తాయి, బోదె గట్టున వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది. గడ్డి పెరిగిందంటే పాముల భయం. పెరడంత పనికి రోజు కూలికి వచ్చే మనిషి దొరకడు, మామయ్యగారి నడుము ఇక కొడవలి పట్టనివ్వదు. పెట్రోలు మిషన్ బరువు, చప్పుడు ఆయనకు పడవు. కాబట్టి బ్యాటరీ మిషన్ కొనాలన్న ఆలోచన సరైనదే, ఇప్పటికీ సరైనదే. మోసం అంతా పెట్టె మీది రాతలో ఉంది.

మొదటి రోజు నైలాన్ తీగతో గరిక మీద బాగానే నడిచింది. తడిసిన తుంగలోకి వెళ్లేసరికి తల చుట్టూ గడ్డి చుట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. ‘ఒక్క చార్జితో గంటన్నర’ అని రాసిన బ్యాటరీ, మామయ్యగారు అరటి గుబురు దాటకముందే ఆగిపోయింది. రెండోది పెట్టారు, అదీ అంతే. కొత్త బ్యాటరీలు నాలుగుసార్లు చార్జి ఎక్కితే కుదురుకుంటాయని కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పింది. అది పాతకాలపు బ్యాటరీల మాట. లిథియం బ్యాటరీకి అలాంటి అలవాటు ఏమీ లేదు.

ఒక సాయంత్రం చార్జరు మీద ఆకుపచ్చ దీపం వెలిగాక కూడా బ్యాటరీ వేడి తగ్గలేదు. వసారాలో ప్లాస్టిక్ కమురు వాసన వచ్చింది. స్విచ్ కట్టేసి, గుడ్డతో పట్టుకుని తీసుకెళ్లి బయట ఇసుకలో పెట్టాం. చల్లారాక మలికిపురంలో ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, మా ముందే విప్పాడు. డబ్బాలో సగం ఖాళీ. మిగతా సగంలో నీలం తొడుగు వేసిన సెల్లులు అయిదంటే అయిదు, కదలకుండా మధ్యలో మడిచి కుక్కిన అట్టముక్క. ఒక సెల్లు తొడుగు, రేకు అతికించిన చోట అప్పటికే గోధుమరంగుకు తిరిగి ఉంది. వేడిని కనిపెట్టే సెన్సర్ ఏదీ లేదు. “మేడమ్‌గారూ, ఇది ఎంత చార్జి ఎక్కించినా ఇరవై ఒకటి దాటదండీ” అని మీటరు పెట్టి చూపించాడు.

ఇక్కడ కాస్త లెక్క అవసరం. ఓపిక పట్టండి, అసలు సంగతి ఇందులోనే ఉంది. ఇలాంటి బ్యాటరీల్లో వాడేవి ఎక్కువగా 18650 అనే రకం లిథియం సెల్లులు. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జి అయితే 4.2. అయిదింటిని వరసగా కలిపితే 18 వోల్టులు, నిండా ఉన్నప్పుడు 21. పేరున్న కంపెనీలు కూడా ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని రాసేది ఈ 18 వోల్టుల బ్యాటరీనే. ఆ ‘మ్యాక్స్’ గురించి కింద చిన్న అక్షరాల్లో వివరణ ఇస్తారు, అది వేరే సంగతి. నిజంగా 48 వోల్టుల దగ్గరికి రావాలంటే పదమూడు సెల్లులు వరసగా ఉండాలి. ఇక ఎంఏహెచ్ అనేది బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత, 12000 ఎంఏహెచ్ అంటే 12 ఆంపియర్ అవర్లు. ఈ పరిమాణం సెల్లు మంచిదైనా 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. ఒక్కోటి మూడు వేల ఎంఏహెచ్ అనుకున్నా, ఆ పదమూడింటిలో ఒక్కోదాని చోట నాలుగేసి చొప్పున మొత్తం యాభై రెండు సెల్లులు కావాలి. సెల్లు బరువు సుమారు 45 గ్రాములు. అంటే సెల్లులే రెండు కిలోల మూడు వందల గ్రాములకు పైగా తూగాలి. మా బ్యాటరీని కిరాణా కొట్టు కాటాలో పెడితే డబ్బాతో సహా మూడు వందల గ్రాములు దాటలేదు.

అందుకే కొనే ముందు అమ్మకందారును బ్యాటరీ బరువు అడగమంటున్నాను. వోల్టులు ఎన్నయినా అచ్చువేసుకోవచ్చు, బరువు దగ్గర మాత్రం దొరికిపోతారు.

వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి, వస్తాయి. మనం చూడవలసిన అంకె అదొక్కటే. పెట్టె మీద రాసిన ప్రకారం 48 ఇంటూ 12, అంటే 576. లోపల ఉన్నవి 1500 ఎంఏహెచ్ సెల్లులు, కాబట్టి 18 ఇంటూ 1.5, అంటే 27. చెప్పినదాంట్లో ఇరవయ్యో వంతు కూడా లేదు! మోటారు 300 వాట్లు లాగితే ఈ 27 వాట్ అవర్లు అయిదారు నిమిషాలకు సరి. మామయ్యగారు అరటి గుబురు ఎందుకు దాటలేకపోయారో అప్పుడు అర్థమైంది. తడిగడ్డి చుట్టుకుంటే మోటారు ఇంకా ఎక్కువ లాగుతుంది, సెల్లులు ఇంకా వేడెక్కుతాయి.

ఇక ఆ ఇనుప చక్రం. రంపం పళ్లతో గుండ్రంగా ఉంటుంది, ప్రకటన వీడియోలో దాంతో పొదలు నరికేస్తుంటారు. అడ్డుగా బిగించమని ఇచ్చిన ప్లాస్టిక్ గార్డు అరచేయంత ఉంటుంది. కొబ్బరి తోటలో గడ్డి కింద ఏముంటుందో ఆ వీడియో తీసినవాడికి తెలియదు. చిప్పలు, మట్టల మొదళ్లు, ఎప్పుడో కట్టిన దడి తీగ, అన్నీ ఉంటాయి. మా చక్రం ఒక చిప్పకు తగిలి ఎగిరిపడింది. దాని పన్ను ఒకటి విరిగి వెళ్లి అరటి కాండంలో వేలెడు లోతున దిగింది. మామయ్యగారు మిషన్ పక్కన పెట్టి, ఆ ముక్కను గోరుతో తడిమి చూసి, “గడ్డితో పాటు నేనూ కోతకొచ్చేవాణ్ణే అమ్మాయ్” అన్నారు. ఆ రోజు నేను నవ్వలేదు.

బండి బ్రేకు వైరునో జీఐ తీగనో నైలాన్ బదులు కట్టుకోమని సలహాలిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. తెగిన ఇనుప ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ముక్కలను గొలుసులా కలిపి చేసిన ఇనుప కోత తలలను యూరోపియన్ యూనియన్ 2012లోనే నిషేధించింది. అవి మన దగ్గర ఇప్పటికీ ‘హెవీ డ్యూటీ’ పేరుతో దొరుకుతున్నాయి. ఇంటి పెరటికి 1.6 నుంచి 2 మిల్లీమీటర్ల నైలాన్ తీగ చాలు. అది కూడా రాయిని చిమ్ముతుంది కాబట్టి కళ్లద్దాలు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. పిల్లలు, కోళ్లు, చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లు పదిహేను మీటర్ల అవతల ఉండాలి.

మిషన్ మంచిదే కొన్నా మన తోటల్లో రెండు చోట్ల దాన్ని వాడకూడదు. ఒకటి, కొబ్బరి మొక్కల మొదళ్లు. మామిడికి బెరడు లేస్తే కొంతవరకు పూడుతుంది, కొబ్బరికి ఆ గుణం లేదు, గాయం గాయంగానే ఉండిపోతుంది. లేత చెట్టు గాయాల్లో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత కథ కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదలు చుట్టూ రెండు మూడు అడుగులు చేత్తోనే పీకించండి. రెండోది వయ్యారిభామ. మిషన్ దాన్ని కోయదు, తునకలు చేసి ఒంటి మీద చల్లుతుంది. చర్మం పడనివాళ్లకు దద్దుర్లు ఖాయం. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్లతో పీకడమే దానికి మందు. తుంగను కోస్తే పైకి శుభ్రంగా కనిపిస్తుంది కానీ భూమిలో గడ్డలు ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది, ఆ తప్పు మిషన్ మీద వేయకండి.

డబ్బు సంగతి. ‘వాడిన వస్తువు వెనక్కి తీసుకోం’ అన్నారు మొదట. తర్వాత ‘బ్యాటరీకి వారంటీ లేదు’ అన్నారు. అప్పుడు పెట్టె తిప్పి చూస్తే దిగుమతిదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ (ప్యాక్ చేసి అమ్మే వస్తువుల) నిబంధనల ప్రకారం ఇవి పెట్టె మీద ఉండి తీరాలి. ఆ మాట రాసి, విప్పిన బ్యాటరీ ఫోటోలు, మీటరు రీడింగు, కాటా మీద బరువు జతచేసి, సదరు వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి పంపాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. (ఈ వ్యవహారం మొత్తంలో నాకు కనిపించిన నిజమైన 48 ఇదొక్కటే.) జవాబు రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించాకే కదిలారు, డబ్బు తిరిగి వచ్చింది. అమ్మకందారు మాత్రం అక్కడే ఉన్నాడు. మిషన్ ఫోటో అదే, పేరు మారింది, 48 కాస్తా 88 అయింది.

కొనదలచినవారు వీలైతే అమలాపురంలోనో భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో కొట్టుకు వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. బ్యాటరీ మీద వాట్ అవర్లు రాసి ఉండాలి. మామూలు పెరటికి 18 వోల్టుల 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అంటే 72 వాట్ అవర్లు, నా లెక్కలో కనీసం. లిథియం బ్యాటరీలకు మన దేశంలో ఐఎస్ 16046 అనే ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు దాని మీద ఉంటుంది. కొట్లో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. విడి బ్యాటరీ, తీగ చుట్ట రేపు దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అన్నది కూడా అప్పుడే అడగాలి. మంచి బ్యాటరీ ధర ఒక్కోసారి మిషన్ ధరలో సగం ఉంటుంది, మూడు వేలకు రెండు బ్యాటరీలు ‘ఉచితం’ ఎలా అవుతాయో మీరే ఆలోచించండి. ఎకరాల తోట ఉన్నవారికి ఇవేవీ పనికిరావు, పెట్రోలు బ్రష్ కట్టర్ ఉన్న మనిషిని పిలవడమే మేలు.

ఇప్పటికే కొన్నవారు ఆ బ్యాటరీని రాత్రిపూట చార్జి పెట్టి నిద్రపోకండి. గచ్చు మీద, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు, గడ్డీ కొబ్బరి పీచూ లేనిచోట పెట్టండి. పని ముగిసిన వెంటనే వేడి మీద పెట్టవద్దు, తడిసి ఉంటే అసలే వద్దు. ఉబ్బితే ఇక వాడకండి, చెత్తబుట్టలోనూ వేయకండి.

డబ్బు వెనక్కి రానివారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే రకంగా నష్టపోయినవారు, కమిషన్ అనుమతిస్తే, అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసుకునే వీలుంది. నాలాగే ‘48’ గానీ ‘88’ గానీ కొన్నవారు ఉంటే బిల్లు, పెట్టె మీద రాతల ఫోటో, బ్యాటరీ బరువు దాచిపెట్టి నాకు చెప్పండి. కాగితం రాసే పని నేను చూసుకుంటాను.